ఊరు మారిందని ఏడ్చే హక్కు ఎవరిది?

చాలా ఏళ్ళ తర్వాత సొంత ఊరికి వెళ్ళి వచ్చినవాళ్ళు రాసే వ్యాసాలకు మన భాషలో ఒక అచ్చు తయారై కూర్చుంది. బస్సు దిగగానే ఊరిని గుర్తు పట్టలేకపోవడం, చెరువుగట్టు మీది మర్రిచెట్టు కనబడకపోవడం, బడి గోడను తడిమి కళ్ళు చెమర్చడం, పాత బావి పూడిపోయి ఉండడం, చిన్ననాటి మిత్రుడు మునుపటిలా మాట్లాడకపోవడం, చివరికి "నా ఊరు ఇక లేదు" అని ఒక నిట్టూర్పు. ఊరి పేరు ఒక్కటి మారిస్తే చాలు, కోనసీమ వ్యాసం నల్లగొండకు పనికివస్తుంది, పల్నాటి వ్యాసం పాలమూరుకు సరిపోతుంది. ఇలాంటివి నేను చాలా చదివాను, ఇష్టపడి చదివినవీ ఉన్నాయి. అయితే నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట ప్రాంతాల గురించి ఈ అచ్చులో పోసిన వ్యాసం ఎవరు రాసినా అది అబద్ధమనీ, అక్కడే ఉండిపోయినవారికి అన్యాయం చేయడమనీ నా వాదన. నేనూ ఆ మెట్టలోంచి బయటికి వచ్చినవాణ్ణే గనుక ఈ మాట అనడానికి నాకు కొంత చనువు ఉందనుకుంటాను.

ముందుగా ఒక చిన్న వివరణ. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయాయి. నల్లగొండ మూడు జిల్లాలయింది. మహబూబ్‌నగర్ నాలుగై, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా వేరుపడటంతో అయిదయింది. ఇక్కడ నేను నల్లగొండ అన్నా పాలమూరు అన్నా ఆ పాత ఉమ్మడి జిల్లాలనే ఉద్దేశిస్తున్నాను. కరువూ వలసా కొత్త సరిహద్దులను చూసి ఆగేవి కావు.

మొదట ఆ బావి సంగతి చూద్దాం. మన జ్ఞాపకాల సాహిత్యంలో ఊరి బావికి ఉన్నంత గౌరవం మరి దేనికీ లేదు. ఆ నీళ్ళు కొబ్బరి నీళ్ళలా ఉండేవనీ, ఇప్పటి సీసా నీళ్ళకు ఆ రుచి లేదనీ రాయని వారుండరు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు, దేవరకొండ వైపు ఊళ్ళలో ఆ బావుల్లో ఏముందో విజ్ఞులకు చెప్పనక్కర లేదు. అక్కడి నేల కింద ఉన్నది గ్రానైటు. ఆ రాతిలోని ఫ్లోరైడు నీళ్ళలో కరుగుతుంది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఆ పదార్థం, అక్కడి ఎన్నో బావుల్లో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. మొదట పిల్లల పళ్ళ మీద గోధుమరంగు చారలు వస్తాయి. ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు గట్టిపడి కీళ్ళు బిగుసుకుపోతాయి, నడుము వంగిపోతుంది, కాళ్ళు వంకరపోతాయి. నీళ్ళు కాచినా పోదు, ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. ఇక అసలు మాట: ఆ మోతాదులో ఫ్లోరైడుకు రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు. తియ్యటి నీళ్ళ జ్ఞాపకం అబద్ధం కాదు. నాలుక నిజమే చెప్పింది, కాని నాలుకకు తెలిసింది అంతే. జ్ఞాపకానికి తెలిసేదీ అంతే. రుచిని దాచుకుంటుంది, విషాన్ని లెక్కపెట్టదు.

నాతో పదో తరగతి చదివిన మిత్రుడొకడు ఆ బావి ముచ్చట ఎత్తగానే నవ్వి అన్న మాట ఇది: "నీకేందిరా, బాయినీళ్లు తియ్యగుండెనని రాస్తవ్. ఆ తియ్యటి నీళ్లే తాగి మా అన్న నడుం వంగిపాయె." వాడి గొంతులో కోపం లేదు. ఊరు వదిలి వెళ్ళినవాడు ఇరవై ఏళ్ళు వేరే నీళ్ళు తాగాడనీ, వాళ్ళ అన్న అవే నీళ్ళు తాగాడనీ, ఒక లెక్క చెప్పినట్టు చెప్పాడు.

ఈ నీళ్ళ కథ ఎంత పాతదో గుర్తు చేసుకోవాలి. నిజాం పాలన చివరి రోజులలోనే ఈ జబ్బు వైద్యుల దృష్టికి వచ్చింది. 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి నీటిలోంచి ఫ్లోరైడు తీసే పద్ధతి ఒకటి తయారు చేసింది. దానికి పెట్టిన పేరు "నల్లగొండ టెక్నిక్". కెన్యా, టాంజానియా, ఇథియోపియాల దాకా ఆ పేరు వెళ్ళింది. ప్రపంచంలో నీటి శాస్త్రం చదివే విద్యార్థికి మన జిల్లా పేరు తెలిసేది ఒక విషం తీసే పద్ధతి పేరుగా! ఆ పద్ధతి పుట్టిన తర్వాత కూడా మర్రిగూడ పిల్లలు దశాబ్దాల పాటు అవే నీళ్ళు తాగారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. జలసాధన సమితి పిలుపు మీద, ఫ్లోరైడు బాధ దేశానికి తెలియాలని వేసిన నామినేషన్లవి. బ్యాలెట్ పత్రం ఒక పుస్తకమంత అయింది. మర్రిగూడ మండలం శివన్నగూడెంలో పుట్టిన అంశల స్వామి, తన వంకరపోయిన శరీరాన్నే సాక్ష్యంగా చూపుతూ 2023 జనవరిలో చనిపోయేదాకా ఈ విషయం మాట్లాడుతూనే ఉన్నాడు. 2015లో మొదలుపెట్టిన మిషన్ భగీరథ గొట్టాలలో కృష్ణా నీళ్ళు ఊళ్ళకు వచ్చాయి. 2020 నాటికి ఫ్లోరైడు పీడిత ఆవాసాలు లేవని అధికార లెక్కలు చెప్పాయి. అన్ని కొళాయిలూ అన్ని రోజులూ వస్తాయా అన్నది అడగవలసిన ప్రశ్నే. వంగిన ఎముకలు తిరిగి నిటారు కావన్నదీ నిజమే. అయినా ఆ ఊళ్ళో పూడిపోయిన బావిని చూసి ఏడవడమంటే ఏమిటి? 480 మంది దేనికోసం నిలబడ్డారో దాన్ని చూసి ఏడవడం.

ఇక రెండో విషయం, మనం వాడే మాటలు. చదువుకుని హైదరాబాదుకో అమెరికాకో పోయినవాడిది "ప్రవాసం". మేస్త్రీ చేతిలో అడ్వాన్సు తీసుకుని పోయినవాడిది "వలస". ఇద్దరూ ఒకే ఊరి నుంచి, కొన్నిసార్లు ఒకే బస్సులో పోయారు. మొదటివాడు తిరిగి వస్తే అది జ్ఞాపకం, వ్యాసం, కవిత. రెండోవాడు తిరిగి వస్తే అది పని లేని కాలం.

"పాలమూరు లేబరు" అన్న మాట ఎలా పుట్టిందో మన వ్యాసాలలో ఎప్పుడైనా కనబడిందా? గుంపు మేస్త్రీ ఊరికి వచ్చి కుటుంబానికి ఇంతని ముందే డబ్బు ఇస్తాడు. అది కూతురి పెళ్ళికో, ఎండిన బోరు అప్పుకో పోతుంది. ఆ బాకీ తీరేదాకా మొగుడూ పెళ్ళాం కలిసి దేశంలో ఏ మూల ఆనకట్ట కడుతుంటే ఆ మూలకు పోవాలి. పిల్లలు గుడిసెల్లోనో, ఊళ్ళో ముసలివాళ్ళ దగ్గరో పెరుగుతారు. నాగార్జునసాగర్ మొదలుకొని ఎన్ని ప్రాజెక్టుల మట్టి వీళ్ళ తట్టల్లో మోయబడిందో! పాలమూరు నుంచి ముంబైకి ఆర్టీసీ బస్సు నడిచిందంటే అది యాత్రికుల కోసం కాదు. వాళ్ళు పీర్ల పండుగకో ఉగాదికో వచ్చి నాలుగు రోజులుండి మళ్ళీ పోయేవారు. దీర్ఘకాలం తర్వాత సొంత గడ్డకు తిరిగి రావడమనే అనుభవం తెలుగు నేల మీద అందరికన్నా ఎక్కువసార్లు పొందినవాళ్ళు పాలమూరు కూలీలే. ఆ అనుభవం మీద వాళ్ళు రాసిన వ్యాసం ఒక్కటి లేదు. రాసే హక్కు మనకు దక్కింది గనుక, బాధ కూడా మనదే పెద్దదైపోయింది.

పాలమూరులోనో దేవరకొండలోనో ఇవాళ పాత మిత్రుడి ఇంటికి వెళితే, వాడు ఇంటి దగ్గరే ఉంటే, అది మనం సంతోషించవలసిన మార్పు. చాలామంది విషయంలో ఒకప్పుడు వెళ్ళినా దొరికేవారు కారు, తాళం వేసి ఉండేది. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా, కోయిలసాగర్ ఎత్తిపోతల కింద తడిసినంత మేర కొందరు వెనక్కి వచ్చారు, మరికొందరు వెళ్ళడం మానుకున్నారు. తడవని చోట ఇప్పటికీ పోతూనే ఉన్నారు. ఊరు మారిందా లేదా అని అడిగేవాడు అడగవలసింది ఇదీ: ఈ యేడు మీ వాడలో ఎన్ని ఇళ్ళకు తాళాలున్నాయి?

మూడోది స్నేహం. "మా వాడు మారిపోయాడు, ఎప్పుడూ ప్లాట్ల రేట్ల గురించే మాటలు, వెళ్ళేటప్పుడు కొడుక్కి ఉద్యోగం చూడమన్నాడు" అని బాధపడేవారిని చాలామందిని చూశాను. చిన్నప్పటి స్నేహం కల్మషమైపోయిందని వారి దిగులు. కొడుకు ఉద్యోగం గురించి మిత్రుణ్ణి గాక ఎవరిని అడగాలి? అవసరం మాటే రాని స్నేహం ఇద్దరి కడుపూ నిండిన చోటనే సాధ్యం. ఒకరి కడుపు నిండి, మరొకరిది నిండని చోట, అడగడం స్నేహానికి మచ్చ కాదు. అడగగలగడమే స్నేహం ఇంకా మిగిలి ఉందనడానికి గుర్తు.

"మీరు" అని పిలిచాడని నొచ్చుకునేవారికి మరో మాట. ఎవరు ఎవరిని ఏమని పిలిచేవారో ఆ పాత ఊళ్ళో ఎవరిష్టం వారిది కాదు. ఒకడి తండ్రి మరొకడి తండ్రిని "దొరా" అనీ "పటేలా" అనీ పిలవకపోతే నడిచేది కాదు. అందరూ వరసలు పెట్టి పిలుచుకునేవారని రాస్తాం. ఆ వరసలు ఏ వాడ దగ్గర ఆగిపోయేవో రాయం. హోటళ్ళలో ఎవరి గ్లాసు ఎక్కడ విడిగా పెట్టి ఉండేదో రాయం. నల్లగొండలో ఆ ఊరు మారాలనే మనుషులు చచ్చిపోయారు. 1946 జూలై 4న అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకా కడివెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు కూలిపోయింది పాత ఊరు అలాగే ఉండాలని కాదు. వెట్టి పోవాలని, గడీ కూలాలని, మనిషిని మనిషిగా పిలవాలని. 1951 ఏప్రిల్‌లో పోచంపల్లికి వినోబా భావే రావడానికి కారణం కూడా ఆ మంటలే. ఇంత జరిగిన నేల మీద నిలబడి "నా ఊరు మారకుండా ఉంటే ఎంత బాగుండును" అనడం చరిత్ర తెలియకనైనా అయి ఉండాలి, తెలిసి మరిచిపోయైనా ఉండాలి.

ఇక పొలాలు పోయి ప్లాట్లు వచ్చాయన్న విచారం. చౌటుప్పల్, భువనగిరి వైపున గాని, షాద్‌నగర్, జడ్చర్ల దారిన గాని పోతే ఇరుపక్కలా హద్దురాళ్ళూ రంగురంగుల జెండాలూ కనబడతాయి. ఒకప్పుడు ఆముదాలు, జొన్నలు, కందులు పండిన చెలకలవి. బాధ కలిగేదే. కాని ఆ ప్లాట్లు కొన్నది ఎవరు? ఊళ్ళో ఉన్నవాడు అమ్మాడు, బయట ఉన్నవాడు కొన్నాడు. నగరంలోనో విదేశంలోనో సంపాదించి, "ఊళ్ళో ఒక ముక్క ఉండాలి" అని ప్రేమగా కొన్న ముక్కలు కలిసే ఆ వెంచర్లయ్యాయి. ప్లాటు కాగితాలు బీరువాలో పెట్టుకుని, పచ్చటి చేలు పోయాయని రాయడం ఏం ధర్మం? మిత్రుడు ప్లాట్ల ఏజెంటు అయ్యాడని చిన్నచూపు చూసే ముందు, వాడికి ఆ పని పుట్టించిన డబ్బు ఎక్కడిదో చూడవద్దా?

జొన్న గటక, అంబలి గురించి కూడా ఒక మాట అనకుండా ఉండలేను. నగరంలో ఇప్పుడు చిరుధాన్యాలకు వచ్చిన గౌరవం చూసి, మన పెద్దలు ఎంత ఆరోగ్యంగా తిన్నారో అంటున్నాం. పొద్దున అంబలి, సందేళ గటక మాత్రమే దొరికిన ఇంట్లో అది ఆరోగ్య సూత్రం కాదు, గత్యంతరం లేకపోవడం. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు ఆ ఇళ్ళలో అన్నం పండుగ రోజుది కాకుండా పోయింది. ఆ సంతోషాన్ని చూసినవారెవరూ గటక పోయిందని ఏడవలేరు.

ఇంత చెప్పాక ఒక ఆక్షేపణ వస్తుందని తెలుసు. "అయితే పల్లె గురించి దుఃఖమే వద్దంటావా? పాలమూరు బిడ్డ గోరటి వెంకన్న పాటలన్నీ ఆ దుఃఖమే కదా?" అని. ఆ దుఃఖానికీ ఈ దుఃఖానికీ తేడా ఉంది. వెంకన్న పాటలో చేతివృత్తి కూలితే కూల్చిందెవరో ఉంటుంది, వాగు ఎండితే ఎండబెట్టిందేమిటో ఉంటుంది. అది ఫిర్యాదు. మన వ్యాసాల్లో ఉన్నది బెంగ. ఫిర్యాదుకు ఎదురుగా జవాబు చెప్పవలసినవాడు ఒకడుంటాడు. బెంగకు అవసరమైనది ఒక అద్దం మాత్రమే.

నిజంగా "నా ఊరు లేదు" అనే హక్కు ఉన్నవారూ ఈ జిల్లాల్లో ఉన్నారు. 1981లో శ్రీశైలం జలాశయం నిండేటప్పుడు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సుమారు 100 గ్రామాలు మునిగిపోయాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి తర్వాత రాయి విప్పి, అలంపురానికి తెచ్చి, మళ్ళీ అలాగే నిలబెట్టారు. మంచి పనే. దేవుడి గుడికి దొరికిన ఆ ఓపిక, ఆ శ్రద్ధ అక్కడి మనుషుల ఇళ్ళకు దొరకలేదు. వేసవిలో నీళ్ళు తగ్గినప్పుడు తమ ఇల్లు ఉన్న చోటు చూసుకోగలిగినవారి దుఃఖం ఒకటుంది. దాని పక్కన మన మర్రిచెట్టు దుఃఖాన్ని పెట్టి చూసుకోవాలి.

ఇప్పుడు ఏడవవలసినదేమిటో చెబుతాను. 1955 డిసెంబరు 10న నందికొండ దగ్గర నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ మీదుగా ఖమ్మం వైపు పోయింది. ఆనకట్ట నల్లగొండ జిల్లా గడప మీద ఉంది, కాని దేవరకొండ, మునుగోడు కాలువ కన్నా ఎత్తున ఉన్నాయి. నీరు పల్లమెరుగు. ఆ ఎత్తైన నేలకు శ్రీశైలం నీటిని వాలుతోనే అందించాలని, 3 లక్షల ఎకరాలకు సాగునీరు, ఫ్లోరైడు గ్రామాలకు తాగునీరు ఇవ్వాలని నల్లమల కింద దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం తలపెట్టారు. ఒక తరం ఆ మాట వింటూ పెరిగింది, మరో తరం ఆ మాట వింటూ ముసలిదయింది. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఆ సొరంగం పైకప్పు కూలి 8 మంది చిక్కుకుపోయారు. రెండు మృతదేహాలు మాత్రమే బయటికి తీయగలిగారు. ఆ ఎనిమిది మందిలో నలుగురు జార్ఖండ్ వాళ్ళు, తక్కినవారు ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూ కాశ్మీర్ నుంచి వచ్చినవారు.

ఒకప్పుడు ఇతరుల ఆనకట్టలకు మన పాలమూరు వాళ్ళు మట్టి మోశారు. ఇప్పుడు మన నీళ్ళ కోసం జార్ఖండ్ కూలీలు మన కొండ కింద ప్రాణాలు వదిలారు. వాళ్ళకూ ఒక ఊరుంది, అక్కడ వాళ్ళ కోసం ఎదురు చూసిన మిత్రులున్నారు. వాళ్ళకు తిరిగి వెళ్ళడం లేదు. సొంత గడ్డకు తిరిగి రావడం గురించి నల్లగొండ, పాలమూరుల నుంచి రాయవలసిన వ్యాసం ఏదైనా ఉంటే, ఈ సొరంగాన్ని వదిలి రాయడం ఎలా?

మరి ఏం రాయాలి అంటారా? మన జిల్లాల్లోనే ఒక దారి ఉంది. తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి కూర్చుని వాపోలేదు. ఊరూరి నుంచి వివరాలు రాబట్టి, 354 మంది కవులతో 1934లో "గోలకొండ కవుల సంచిక" అచ్చు వేసి చేతిలో పెట్టాడు. లేదన్నవాడికి లెక్క చూపడం అంటే అది. నీళ్ళ విషయంలో, వలస విషయంలో మనకు కావలసినదీ అలాంటి సంచికే.

ఊరికి పోయినవాడు చేయగల పని చాలా ఉంది. పాత మిత్రుడి దగ్గర కూర్చుని, వాళ్ళ బోరు ఎన్ని అడుగులు పోయిందో, ఎన్ని బోర్లు ఎండిపోయాయో, కొళాయి వారానికి ఎన్ని రోజులు వస్తుందో అడిగి రాసుకోవచ్చు. వాళ్ళ నాన్న ఏ ఆనకట్ట మీద పని చేశాడో, మేస్త్రీ ఎంత ఇచ్చాడో, ఎంత పట్టుకున్నాడో రాయించుకోవచ్చు. ఆ తరం వెళ్ళిపోతోంది. సాగర్ రాళ్ళు మోసిన చేతులు ఇంకా ఎన్నేళ్ళుంటాయి? వాళ్ళ పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. మర్రిచెట్టు మీద మనం రాసిన పేజీల్లో పదో వంతు వాళ్ళకు కేటాయిస్తే, మన పిల్లలకు ఈ నేల ఏమిటో తెలుస్తుంది.

జ్ఞాపకాలు రాయవద్దని నేను అనడం లేదు. ఊరి మీద ప్రేమ ఉంటే ఊరిని నిలదీసే ప్రశ్నలు కూడా ఉండాలి, ఊరికి మాట ఇచ్చి తప్పినవాళ్ళను నిలదీసే ప్రశ్నలు అంతకన్నా ఎక్కువ ఉండాలి. ఉండిపోయినవాళ్ళు మన జ్ఞాపకానికి కాపలాదారులు కారు. వాళ్ళ ఊరిని వాళ్ళు మార్చుకుంటారు, మార్చుకోవాలి. అతిథిగా వెళ్ళినవాడు గడపలో నిలబడి ఇల్లు ఎందుకు కడిగారని అడగకూడదు.